పోలిరాజుకు కుట్టిన బాడీ

మల్కాపురంలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక అద్దె గదిలో, చూపు ఆనినన్నాళ్ళూ లేడీస్ టైలర్‌గా బతికాను. జాకెట్లు, లంగాలు, బాడీలు. ఇప్పుడు మిషను అమ్మేశాను. ఈ మధ్య పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు కొందరు వచ్చి, "మీ అనుభవాలు రాయండి మేస్త్రిగారూ, మాకు పనికొస్తాయి" అన్నారు. కటింగ్ గురించి రాస్తాననుకుని ఉంటారు. కటింగ్ పుస్తకాలు బజార్లో దొరుకుతాయి. వాటిలో దొరకనిది ఒకటి రాస్తాను. మగవాడికి బాడీ కుట్టడం.

బాడీ అంటే ఇప్పుడు బ్రా అంటున్నారే, అదే. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి.

ఆది జాకెట్టు

మాది కోనసీమ. పెళ్ళైన కొత్తల్లోనే నా భార్య జ్వరంతో పోయింది. ఆ ఊళ్ళో ఎటు చూసినా ఆవిడే కనిపిస్తుంటే ఉండలేక విశాఖపట్నం వచ్చేశాను. అక్కడ ఓల్డ్ టౌనులో ఖాదర్ మేస్త్రి దగ్గర పనికి కుదిరాను. ఆయన చేతిలో కత్తెర ఉంటే గుడ్డ తనంతట తనే విడిపోతున్నట్టు ఉండేది. నోరు మాత్రం మహా చెడ్డది. కుట్టు వంకరపోతే అరిచేవాడు, వంకరపోకపోతే ఎందుకు పోలేదని అరిచేవాడు.

ఆయన నేర్పిన మొదటి నియమం ఇది: "టేపు జాకెట్టు మీద వెయ్యి. మనిషి మీద కాదు."

ఆ రోజుల్లో మా పని అలాగే నడిచేది. ఆడవాళ్ళు ఒంటి కొలత ఇచ్చేవారు కాదు. తమకు బాగా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇచ్చేవారు. దాన్నే ఆది అంటాం. ఆ ఆదిని బల్ల మీద పరిచి, కొలిచి, కొత్తది కుట్టడమే. బాడీలైతే పాతవి జాకెట్టు గుడ్డల మధ్య మడతపెట్టి, "అవి కూడా" అని గొణిగి వెళ్ళిపోయేవారు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు నా చేతికి తెలుసు. ఒక్కరి ఒంటి మీదా నా చెయ్యి పడలేదు. మర్యాదగానే ఉండేది. కాకపోతే, రోజంతా మనుషుల ఆకారాలతోనే గడిపి, పొద్దు గూకాక ఒక్కడినే అన్నం వండుకోవడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది.

ఖాదర్ మేస్త్రికి బాడీలంటే చిన్నచూపు. "లోపల వేసుకునేదానికి ఏం పనితనంరా" అనేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన తప్పు. పైన వేసుకునేది కాస్త అటూ ఇటూ అయినా లోకం చూసి ఊరుకుంటుంది. లోపల వేసుకునేది అరంగుళం తేడా వస్తే ఆ మనిషి రోజంతా దాన్నే మోస్తాడు.

"మా ఇంటిదానికి"

డెబ్బైల చివర్లో, సొంతంగా మల్కాపురంలో మిషను పెట్టుకున్నాక, ఒక మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. పోలిరాజు అంటాను. అసలు పేరు అది కాదు. ఫిషింగ్ హార్బరులో వలలు బాగుచేస్తానని చెప్పాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ మండుటెండలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

"మా ఇంటిదానికి బాడీలు కుట్టాల మేస్త్రీ."

"ఆది తెచ్చావా?"

"ఆదంటే ఏటి?"

"పాతది బాబూ. సరిపోయేది."

"సరిపోయేదే ఉంటే మీకాడికెందుకొత్తాను?"

మాట సబబుగానే తోచింది. పూర్ణా మార్కెట్లో రెడీమేడ్‌వి కొని చూశాడట. నంబరు పెద్దదైతే ముందు ఖాళీగా సంచిలా వేలాడుతోంది, నంబరు చిన్నదైతే వెనక హుక్కు అందడం లేదు. జేబులోంచి వల అల్లే దారం ముక్క ఒకటి తీసి ఇచ్చాడు. దాని మీద ఒక ముడి. చుట్టుకొలత అక్కడికి వచ్చిందన్నాడు. టేపు పెట్టి చూస్తే నలభై దాటింది.

"మీ ఆవిడ దిట్టమైన మనిషే" అన్నాను. అతను నేలకేసి చూశాడు.

నలభై చుట్టుకొలత ఉన్న ఆడమనిషికి ముందు భాగం ఎంత ఉంటుందో నా లెక్క నాకుంది. ఆ లెక్కనే కుట్టాను. కొన్నాళ్ళకు తిరిగి తెచ్చాడు. "ముందంతా ఖాళీగా ఉందంటంది. ఆ ముడతలు పడ్డకాడ రాసుకుని పుండు పడతంది." ముందు తగ్గించి ఇచ్చాను. మళ్ళీ తెచ్చాడు. "బుజాలు కోసేత్తంది. సంకలో పట్టేత్తంది." భుజం పట్టీలు వదులు చేశాను. ఇంకోసారి తెచ్చాడు. నాకు విసుగొచ్చింది. ఆది లేకుండా బాడీ కుట్టమంటే చీకట్లో బాణం వెయ్యమన్నట్టే.

"ఇలా కాదుగానీ, ఆవిణ్ణే ఓసారి తీసుకురా. పక్కింటి సూరమ్మ చేత కొలిపిస్తాను. నేను బయటికి పోతాను, సరేనా?"

అతను తువ్వాలు ఒంటి చుట్టూ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. రోడ్డు మీద రిఫైనరీ లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి పోయాక అన్నాడు.

"అదెందుకొత్తాది మేస్త్రీ. తొడుక్కునేది నాను."

ఒడ్డున పడ్డ మనిషి

నేను లేచి గుమ్మానికి కర్టెన్ వేశాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. కూజాలోంచి మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

పోలిరాజుకు మీసాలు వచ్చే వయసులోనే ఛాతీ పెరగడం మొదలైంది. అందరు కుర్రాళ్ళకూ కాస్త వచ్చి పోతుందని ఎవరో అన్నారు. అతనికి పోలేదు. ఒక డాక్టరు గారికి చూపించుకుంటే, ఇది జబ్బు కాదు, కొందరు మగవాళ్ళకు ఇలా ఉంటుంది, ప్రాణానికేం భయం లేదన్నాడట. ఆ మాటతో భయం పోయింది. బరువు మాత్రం అలాగే ఉండిపోయింది.

మరబోటు మీద కళాసీగా వేటకెళ్ళేవాడు. నడిసముద్రంలో రోజుల తరబడి ఉండే మగవాళ్ళు చొక్కాలతో ఉండరు. అందరూ గోచీలతో, ఒట్టి ఒంటితో పని చేస్తారు. ఇతనొక్కడే చొక్కా విప్పడు. దానికి ఒక పేరు పెట్టారు. ఆ పేరేమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పేరైనా భరించాడు గానీ నొప్పి భరించలేకపోయాడు. వల లాగేటప్పుడు తాడు ఛాతీకి రాసుకునేది, అలకు బోటు ఎగిరిపడ్డప్పుడల్లా కిందికి గుంజినట్టయ్యేది. అందుకని పెళ్ళాం పాత చీర చింపి, ఊపిరాడనంత గట్టిగా చుట్టుకుని పైన చొక్కా తొడిగేవాడు. ఒకరోజు వల లాగుతూ లాగుతూ కళ్ళు తిరిగి బల్లల మీద పడిపోయాడు.

బోటు నడిపే సరంగు మంచివాడే. ఊపిరితిత్తుల జబ్బనుకున్నాడు. "నీకు ఊపిరి సాలట్లేదురా. ఒడ్డున ఉండు" అని దింపేశాడు. ఏమని చెప్పుకుంటాడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, వేటకెళ్ళలేని ముసలివాళ్ళ పక్కన కూర్చుని వలలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు.

"ఏటకెళ్ళనోడు ఒడ్డు మీద ఉన్నా లేనట్టే మేస్త్రీ. మా ఇంటిది కూడా నాతో పెద్దగా మాటాడదు. తిట్టదు. తిడితే బాగుణ్ణనిపిత్తాది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సరంగు కొత్త బోటెక్కుతన్నాడు. ఊపిరి బాగుంటే రమ్మన్నాడు. నాకు బోటెక్కాలనుంది. ఇంకేటీ ఒద్దు."

సమస్య అప్పటికి నాకు అర్థమైంది. మగవాడికి ఆది ఉండదు. ఏ అంగట్లో నంబరు చూసినా అది ఆడమనిషి అచ్చులో పోసిన నంబరే. వీపు వెడల్పైతే ముందు భాగం కూడా పెద్దదే ఉంటుందని ఆ నంబరు అనుకుంటుంది. పోలిరాజుకు వీపు తాడు లాగి లాగి బల్లలా ఉంది, ముందు భాగం మాత్రం చిన్నది, పైగా ఎడంగా, పక్కలకు ఉంది. నేనూ ఆ నంబరులాగే ఆలోచించాను.

"చొక్కా విప్పు బాబూ" అన్నాను.

టేపు అతని ఒంటికి చుట్టాను. అన్నేళ్ళ పనిలో మనిషి ఒంటి మీద టేపు వెయ్యడం అదే మొదలు. ఇంకో మాట కూడా రాస్తాను, సిగ్గుపడను. నా భార్య పోయాక మరో మనిషి ఒంటి వెచ్చదనం నా చేతికి తగలడం కూడా అదే మొదలు. అతను గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం, అందుకని ఆ కొలతా తప్పే వచ్చింది.

అణచడమా, మొయ్యడమా

"కనపడకూడదు మేస్త్రీ. అణిసెయ్యండి" అన్నాడు. నేను మాట విన్నాను. మందపాటి కాడా గుడ్డతో, కొలత కంటే బిగువుగా కుట్టాను. తొడుక్కుని అద్దంలో చూసుకుని సంతోషపడ్డాడు. ఒడ్డు మీద ఐసు గంపలు మోసి చూస్తానని వెళ్ళాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఛాతీ కింద ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. చీర పేలికకూ నా బాడీకీ తేడా లేకుండా పోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నేను కుట్టినది తొడుక్కుని సరంగు ముందుకు వెళితే ఇంక ఎప్పటికీ బోటెక్కనివ్వడు.

నేను తల పట్టుకుని కూర్చుంటే అతనే అన్నాడు. "మా ఇంటిది సేపల గంప నెత్తినెట్టుకుని ఊరంతా తిరుగుతాది. గంప సరీగా కూకుంటే బరువు తెలీదంటాది. అటూ ఇటూ ఊగితేనే మెడ పట్టేత్తాదంట."

నాకు దారి దొరికింది. అణచక్కర్లేదు. కదలకుండా మొయ్యాలి. కింద పట్టీ బరువును పట్టుకోవాలి, భుజం ఊరికే తోడుగా ఉండాలి. ఊపిరికి చోటుండాలి. అప్పుడు కనపడకుండా ఎలా అన్నది వేరే లెక్క.

కిటికీ ఊచకు బట్టలారేసే తాడు కట్టాను. "ఇది వల అనుకో. లాగు."

"ఇక్కడా?"

"లాగు బాబూ. నువ్వు నిలబడి తొడుక్కుంటావా, లాగుతూ తొడుక్కుంటావా?"

అతను కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. వీపు రెండు రెక్కల్లా విచ్చుకుంది. చేతులు ముందుకు చాచినప్పుడు ఒక కొలత, ఒంట్లోకి లాక్కున్నప్పుడు ఒక కొలత, ఊపిరి నిండా పీల్చినప్పుడు ఇంకో కొలత. అన్నీ తీసుకున్నాను. బల్ల మీద పరిచిన ఆది జాకెట్టు ఎప్పుడూ ఊపిరి పీల్చదు. ఖాదర్ మేస్త్రి దగ్గర ఎన్నేళ్ళుంటే మాత్రం ఈ సంగతి నాకెలా తెలుస్తుంది?

ఉప్పునీళ్ళకు హుక్కులు తుప్పు పడతాయి, ఎలాస్టిక్ చీకిపోతుంది. అందుకని రెండూ మానేశాను. గుడ్డను ఏటవాలుగా కోస్తే దానంతటదే కాస్త సాగుతుంది. కింద పట్టీ అలా కోశాను. వెనక్కి చెయ్యి పెట్టుకునే పని లేకుండా పక్కన నాడా పెట్టాను. భుజాలు వెడల్పుగా, మగవాళ్ళ చేతుల్లేని బనీను లాగే ఉంచాను. ముందు భాగం లోపలి వైపున చిన్న డాట్లతో, అంటే మడిచి వేసే కుట్లతో, అతని ఛాతీ ఎక్కడ ఉందో అక్కడే, పక్కలకు జరిపి కుట్టాను. పైకి చూస్తే బనీను, లోపల బాడీ. కొత్త తెలుపు మెరిసి కళ్ళకు కొడుతుందని టీ డికాక్షన్లో ముంచి ఆరేశాను. పాతబడ్డ బనీనులా మాసిన రంగు వచ్చింది.

తొడుక్కుని తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. నావైపు తిరిగి, "ఏటీ తెలీట్లేదు మేస్త్రీ" అన్నాడు. ఇంకా లాగుతూనే ఉన్నాడు. కిటికీ చుట్టూ సున్నం రాలింది.

"మెల్లిగా బాబూ, ఇల్లు అద్దెది" అన్నాను. అతను నవ్వగా చూడడం అదే మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మారు తొడుక్కోవడానికి ఇంకోటి కూడా కుట్టి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఎవులికీ..." అన్నాడు. "ఎవరికీ చెప్పను" అన్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి

తర్వాత, ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, కూర్మన్నపాలెం నుంచి ఒకాయన వచ్చాడు. ఎత్తు మీద పని, ఛాతీకి అడ్డంగా బెల్టు కట్టుకోవాలి. ఆయనా "మా ఆవిడకి" అనే మొదలుపెట్టాడు. ఈసారి నేను ఎవరికని అడగలేదు. "వేసుకునేవారు ఏం పని చేస్తారండీ?" అన్నాను. ఆయన బెల్టు ఎక్కడ పడుతుందో చేత్తో చూపించి చెప్పాడు. మిగతాదంతా తేలికైపోయింది. మీరూ అలాగే అడగండి. ఎవరికి అనే మాట వెనక అబద్ధం ఉండొచ్చు. పని గురించి అడిగితే ఎవరికీ అబద్ధం ఆడే అవసరం రాదు.

ఇది చదివే మగవాళ్ళలో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే, అంగడి నంబరును నమ్మకండి. ముందు ఛాతీ కింద చుట్టుకొలత చూసుకోండి, ఊపిరి పీల్చి, చేతులు చాచి. అది కుదిరాకే ముందు భాగం సంగతి. ముందు ముడతలు పడితే పెద్దది, పక్కలకు పొంగితే చిన్నది. బిగించి దాచాలనుకోకండి. నూలుగుడ్డ వాడండి. ఛాతీలో కొత్తగా గడ్డలాంటిది తగిలితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, టైలరు దగ్గరికి కాదు. పెద్ద ఊళ్ళో అయినా చిన్న ఊళ్ళో అయినా మీ ఒక్కరికే ఇలా ఉందనుకోకండి. నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ అలాగే అనుకున్నాడు. వాళ్ళలో ఎవరినీ ఇంకొకరికి చూపించలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జెట్టీ

పోలిరాజు మళ్ళీ రాలేదు. బాడీ కుదిరినవాడు రాడు, అది మంచి గుర్తే. కానీ సరంగు ఎక్కించుకున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది? గుమ్మంలో నీడ పడ్డప్పుడల్లా తలెత్తేవాణ్ణి. వానాకాలం పోయింది. ఎవరిని అడుగుతాను? అతని పేరు ఎత్తితేనే, టైలరుకు అతనితో ఏం పని అన్న ప్రశ్న వస్తుంది. చివరికి ఉండబట్టలేక ఒకరోజు మొదటి బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను.

బోట్లు వచ్చి ఉన్నాయి. వేలం పాట అరుపులు, ఐసు కొడుతున్న చప్పుడు, కాళ్ళ కింద చేపల నీళ్ళు. జెట్టీ చివర ఒక కొత్త బోటు మీంచి కళాసీలు గంపలు దింపుతున్నారు. వాళ్ళ మధ్య పోలిరాజు ఉన్నాడు. టీ రంగు బనీను తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఎవరూ దానికేసి చూడటం లేదు. గంపను ఒక్క ఊపున ఎత్తి కిందివాడికి అందిస్తూ ఏదో అంటున్నాడు, అందరూ నవ్వుతున్నారు, అతనూ నవ్వుతున్నాడు.

నా ఒళ్ళంతా సంతోషంతో వెచ్చబడింది. తెలియకుండానే చెయ్యి సగం పైకి లేచింది.

అతను నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. పక్కనున్న కళాసీ కూడా నాకేసి చూశాడు.

"ఎవుల్రా బావా ఆయన? నీకేసే సూత్తన్నాడు."

"నాకేటి తెల్సు బావా" అన్నాడు పోలిరాజు. "సేపలకొచ్చుంటాడు."

గుండెలో కలుక్కుమంది. అబద్ధం ఎందుకు ఆడాలి, కలుక్కుమంది. ఆ ఊళ్ళో నేను చెయ్యి ఎత్తి పలకరించగల మనిషి అతనొక్కడే అనుకుంటూ వెళ్ళాను. కానీ నేనెవరో చెప్పాలంటే అతను తిరిగి ఒడ్డున పడాలి. ఎత్తిన చెయ్యి దించేసి, పక్కన చేపల గంప ముందు కూర్చున్న ఆవిడ దగ్గరికి నడిచి, కానాగడతలు ఎలా ఇస్తున్నావమ్మా అని గట్టిగా, బోటు మీదికి వినపడేలా అడిగాను. బేరం కూడా ఆడాను. నేను చేపలు తినను. ఆ వాసనే నాకు పడదు.

ఆకులో చుట్టి ఇచ్చిన ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని బస్సులో మల్కాపురం వచ్చాను. పక్కింటి సూరమ్మ గుమ్మంలో ముగ్గు వేస్తోంది. పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

"ఏటి బాబూ, మీరు సేపలేటి? హార్బర్లో తెలిసినోలెవులైనా ఉన్నారేటి?"

"లేరమ్మా" అన్నాను. "అక్కడ నాకెవరూ తెలీదు."